బొమ్మల కథ – చదువరి తీర్పు

పిల్లవాడొకడు వసారాలో గోడకు చేరగిలి బొమ్మల కథల పుస్తకము చూచుచుండును. లెక్కల పుస్తకము ప్రక్కన బోర్లపడి యుండును. లోపలినుండి పెద్దవారెవరో వచ్చి, 'ఇదేటి చదువురా? బొమ్మలు చూస్తే చదువొస్తాదేటి?' అని గద్దింతురు. వాడు తల యెత్తకయే, 'బొమ్మలు చూడ్డం నేదు, చదువుతున్నాను' అనును. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఈ సంభాషణ వినబడని యిల్లు అరుదని మా తలంపు. పుస్తకము పేరు తరమునకొకటిగా మారినది గాని, అడుగువారి ప్రశ్నయు, చెప్పువారి జవాబును మారలేదు.

ఈ యిరువురిలో ఎవరి మాట నిజము? బొమ్మను అనుసరించి కథ తెలిసికొనుట చదువగునా, కాదా? ఈ వివాదమును ఈనాటి పిల్లలకును ఈనాటి పెద్దలకును నడుమ పుట్టినదిగా మనము తలచెదము. కాని దీనికి చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన ఉత్తరాంధ్రమునకు చెప్పుకోదగిన పాలు కలదు. బొమ్మల కథను గూర్చి చదువరులు ఏ కాలమున ఏమనుకొనిరి, ఏల అట్లనుకొనిరి అను విషయమును మేము మాకు తెలిసినంతలో ఇచ్చట ముచ్చటింపదలచితిమి.

మొదట కొండలకు పోవుదము. సీతంపేట, కురుపాము, భద్రగిరి ప్రాంతములు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నవి. ఆ కొండలలోను, ఎల్లకు ఆవల ఒడిశాలోని గుణుపురము, పర్లాకిమిడి కొండలలోను సవరలు నివసించుచున్నారు. వీరు మనకు క్రొత్తవారు కారు. ఆంధ్రుల పేరు మొట్టమొదట కానవచ్చు గ్రంథములలో ఒకటైన ఐతరేయ బ్రాహ్మణమున ఆంధ్రుల పేరును శబరుల పేరును ఒక్కచోటనే చెప్పబడినవి. అంత ప్రాచీనమైన ఇరుగుపొరుగు వారు సవరలు. వారి యిండ్లలో గోడలమీద బొమ్మలు వ్రాయు ఆచారము కలదు. 1951లో మధ్యభారత గిరిజనుల కళను గూర్చియు, 1955లో సవరల మతమును గూర్చియు పెద్ద గ్రంథములు ప్రకటించిన వెరియర్ ఎల్విన్ ఆ బొమ్మలను శ్రద్ధతో పరిశీలించి వర్ణించెను. ఆయన చూచినది ముఖ్యముగా గంజాము, కోరాపుట్టు కొండలలోని సవరలను. కాని ఎల్లకు ఈవల నున్నవారును ఆ జాతివారే.

ఇంటిలో ఎవరైనను జబ్బుపడినను, పంట చక్కగా పండవలెనని కోరినను, చనిపోయిన పెద్దలను సంతృప్తిపరుపదలచినను సవరలు గోడమీద బొమ్మ వ్రాయింతురు. గోడను ఎఱ్ఱమట్టితో అలికి, బియ్యపు పిండిని నీట కలిపి, పుల్ల చివరను కుంచెగా చేసికొని వ్రాయుదురు. తరచుగా ఆ బొమ్మకు చుట్టును ఒక చట్రముండును. అది ఆ పితృదేవతకు కట్టిన యిల్లు. అందులో సూర్యచంద్రులు, జీలుగు చెట్లు, గుఱ్ఱమెక్కిన దొర, కావడి మోయువారు, వరుసగా చేతులు పట్టుకొని ఆడువారు కనబడుదురు. కొండదిగువకు రైలు వచ్చిన తరువాత రైలు, సైకిలు వచ్చిన తరువాత సైకిలు, ఆకాశమున విమానము ఎగిరిన తరువాత విమానము ఆ గోడ నెక్కినవి. చనిపోయిన పెద్దకు సైతము కాలము తెలియవలెను గదా!

మన విషయమునకు పనికివచ్చు ముఖ్యమైన ఘట్టము ఆ తరువాత వచ్చును. బొమ్మ పూర్తి కాగానే పని ముగిసినట్లు కాదు. పూజారి దాని ముందు కూర్చుండి ఆ పితృదేవతను రప్పించును. దేవత పూజారిపై పూని బొమ్మను పరిశీలించును. తనకు నచ్చినచో అందులో కాపురముండుటకు అంగీకరించును. నచ్చనిచో, ఇది లేదేమి, అది మరచితిరేమి అని తప్పులెన్నును. చిత్రకారుడు మరల పుల్ల చేతబట్టి ఆ లోపమును పూరింపవలసినదే. చదువరి తృప్తి చెందువరకును బొమ్మ పూర్తికానట్లే లెక్క.

బొమ్మల కథను గూర్చిన చదువరుల అభిప్రాయమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మాకు మరియొకటి కనబడలేదు. ఆ బొమ్మకు మొదటి చదువరి చనిపోయిన పెద్దయే. అతడు బొమ్మను చూచి ఊరకుండడు. చదివి, తూచి, తీర్పు చెప్పును. చిత్రకారుడు అలుగక వినును. ఆ యింటివారందరు ఆ తీర్పు వినుచు బొమ్మలో ఏది దేనికి గుర్తో నేర్చుకొందురు. దీనిని చదువు కాదని ఎట్లనగలము? అక్షరములు లేవనుట నిజమే. కాని గుర్తులున్నవి, వానికి అర్థము లున్నవి, అర్థము కుదిరినదా లేదా అను విచారణ యున్నది. చదువునకు ఇవియే గదా లక్షణములు.

ఈ సవరల పేరు చెప్పగానే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు మనకు జ్ఞప్తికి రాక తప్పదు. వారు 1863లో శ్రీముఖలింగమునకు సమీపమున, వంశధార తీరమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. విజయనగరమున చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. సవరల భాషను వారినుండియే నేర్చుకొని, వారి పిల్లలకై బడి పెట్టి, వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. 1931లో సవర భాషా వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. చదువనునది పైనుండి దిగుమతి చేయవలసిన సరకు కాదనియు, పిల్లవాని నోట నున్న మాటతోనే మొదలిడవలెననియు వారి నిశ్చయము. ఆ నిశ్చయమునే మైదానములోని తెలుగు పిల్లలకును అన్వయించి, 1919లో 'తెలుగు' అను పత్రిక పెట్టి, వాడుకభాషకై జీవితాంతము పోరాడిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించిన అసమ్మతి పత్రమును ఆ పోరాటములోనిదే.

అప్పటి పండితులు వాడుకభాష మీద మోపిన నేరములేవి? అది సులభము గనుక నీచమనిరి. దానికి అలవడినవాడు మంచి గ్రంథముల జోలికి పోడనిరి. అందులో ఉత్తమ సాహిత్యము పుట్టదనిరి. బొమ్మల కథ మీద ఈనాటికిని మోపబడుచున్న నేరములను వీనిప్రక్క నుంచి చూడుడు. ఒక్క మాటయు మార్చ నక్కరలేదు. వాడుకభాషకు న్యాయము జరిపించిన గడ్డ మనది. బొమ్మల కథ విషయమున తీర్పు చెప్పుటకు ముందు మనము ఒక్క క్షణమాగి యోచించుట న్యాయము. ఈ మాట గ్రంథపు భాషలో వ్రాయుచున్నందుకు పాఠకులు నవ్వుకొందురేమో! అలవాటు అంత బలమైనదని చెప్పుటకు మేమే సాక్షులము.

సవరల గోడనుండి అచ్చు పుస్తకమునకు వచ్చుటకు ముందు మార్గమధ్యమున రెండు మజిలీలను పేర్కొనవలెను. బొమ్మతో కథ చెప్పుట తెలుగువారికి పరంపరగా వచ్చిన విద్య. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములమీద రామాయణ కథను వరుసలుగా, అరలుగా విడదీసి వ్రాసి, బొమ్మతోబాటు తెలుగు అక్షరములలో కథను సూచించుట కలదు. తెలంగాణమున చేర్యాల నకాషీ పటములను కథకులు ఒక్కొక్క భాగమే విప్పి చూపుచు కులపురాణములు పాడుచుందురు. అర తరువాత అర, బొమ్మ క్రింద మాట – ఈనాటి బొమ్మల కథల పుస్తకమునకు కావలసిన సామగ్రి యంతయు అందున్నది. అయినను వానిని ఎవ్వరు పిల్లలను చెడగొట్టునవి అనలేదు, భక్తితో చూచిరి. ఏలయన అచ్చట బొమ్మతోబాటు వివరించు పెద్ద యొకడుండెను. అచ్చు పుస్తకము వచ్చిన తరువాత పిల్లవాడు ఒంటరిగా బొమ్మను చదువసాగెను. పెద్దల భయము అచ్చటనే మొదలైనదని మా ఊహ.

అచ్చుబొమ్మ సామాన్యుల యిండ్లకు వచ్చుటకు రాజా రవివర్మ 1894లో నెలకొల్పిన ముద్రణాలయము ముఖ్యకారణము. ఆ బొమ్మలు దేశమంతట గోడల నలంకరించినవి. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారు ఐదేండ్ల వయసున రవివర్మ కోదండరాముని బొమ్మను చూచి తాను వ్రాసెనని చెప్పుదురు. వారి తండ్రియు చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులే. ఆ బాలుడే తరువాత 'వపా' అను రెండక్షరములతో తెలుగు దేశమంతట తెలిసినవాడయ్యెను. అనకాపల్లి కళాశాలలో ఉద్యోగము చేయుచు, చందమామకును యువకును వ్రాసి పంపిన ముఖచిత్రములలో పురాణగాథలు, రాగములు, ఋతువులు, పల్లెపడుచులు దర్శనమిచ్చిరి. ఆయన బొమ్మ ఒక్కటే పుట. కాని అందులో వెనుక జరిగినదియు ముందు జరుగబోవునదియు ఇమిడియుండును. పత్రిక చదువుట ముగియగానే ఆ అట్టను విడదీసి అద్దము కట్టించుకొన్న యిండ్లను మేమెరుగుదుము. ఇదియు చదువరుల తీర్పే. సంపాదకునికి ఉత్తరము వ్రాయుట రానివారు చేసిన తీర్పు ఇది. పాపయ్యగారు 1992లో పరమపదించిరి. ఆ పటములు మాత్రము కొన్ని గోడలమీద ఇంకను ఉన్నవి.

బొమ్మకు మాటను జతచేసి నవ్వించు విద్యలోను మన ప్రాంతము ముందంజ వేసినది. తెలుగులో తొలి వ్యంగ్యచిత్రకారుడని పేరొందిన తలిశెట్టి రామారావుగారు 1906లో జయపురమున జన్మించిరి. ఆ జయపురము అప్పటికి విశాఖపట్టణము జిల్లాలోనిదే; 1936లో ఒరిస్సాలో చేరినది. న్యాయవాదియైన ఆయన వ్రాసిన చిత్రములు భారతి పత్రికలో వెలువడినవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన భారతి గంభీరమైన పండిత పత్రిక. అట్టి పత్రికలో నవ్వు పుట్టించు బొమ్మకు పీట వేయుట సామాన్యమైన విషయము కాదు. పండితుడును పామరుడును ఒకే బొమ్మను చూచి నవ్వవచ్చునని ఆ పుటలు ఋజువు చేసినవి. తలిశెట్టివారి జన్మదినమైన మే 20వ తేదీని తెలుగు వ్యంగ్యచిత్రకారులు తమ పండుగగా జరుపుకొనుచున్నారు.

ఇక పిల్లల పత్రికలు. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణిగారల ఆధ్వర్యమున మద్రాసునుండి చందమామ వెలువడినది. దాని సంపాదక బాధ్యతను 1952 నుండి 1980లో తనువు చాలించువరకు కొడవటిగంటి కుటుంబరావుగారు వహించిరి. పుటపుటకు బొమ్మ యుండుట ఆ పత్రిక ప్రత్యేకత. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలకు 'చిత్రా' వ్రాసిన బొమ్మలు లేనిచో ఆ రాక్షసులును ఆ మాంత్రికులును మన జ్ఞాపకమున నిలిచెడివారా? శవమును భుజమున వైచుకొని, కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుని 'శంకర్' వ్రాసిన తీరు ఎవరు మరువగలరు? శంకర్ 2020లో దివంగతులగునప్పటికి ఆ బొమ్మ మూడు తరముల పిల్లలకు పరిచితమైయుండెను. దాసు, వాసు అను నిద్దరు బాలురతోను, టైగరు అను కుక్కతోను నడచిన ఒక చిన్న చిత్రకథయు తొలినాళ్ళ చందమామలో వచ్చుచుండెడిది.

ఆ పత్రిక చదువరిని ఊరక కూర్చుండనీయలేదు. రెండు ఛాయాచిత్రములు ప్రకటించి, ఆ రెంటికిని కుదురునట్టి వ్యాఖ్యలు వ్రాసి పంపుడని పోటీ పెట్టెడిది. గెలిచినవారి పేరు అచ్చువేసెడిది. బొమ్మను చూచి మాట వెదకుట – ఇది బొమ్మను చదువుటకు పాఠము కాదా? బేతాళ కథ తుదను వచ్చు ప్రశ్నయు అట్టిదే. తెలిసియు జవాబు చెప్పకున్నచో తల పగులునని బేతాళుడు బెదరించునది విక్రమార్కుని మాత్రమే కాదు, చదువరిని కూడ. జవాబు చదువుటకు ముందు పిల్లలు పుస్తకము మూసి తమలో తాము వాదించుకొనుట సామాన్యమైన దృశ్యము.

మా బాల్యములో జరిగిన ముచ్చట యొకటి చెప్పెదము. నాగావళి ఒడ్డున ఒక పల్లెబడిలో మేము చదువుకొనుచుంటిమి. ఒకనాడు భూగోళపు పుస్తకము నడుమ చందమామను పెట్టుకొని చదువుచుండగా మాస్టారు పట్టుకొనిరి. చెవి మెలిపెట్టి పత్రికను స్వాధీనము చేసికొనిరి. 'బొమ్మలు చూసేవోడికి బుర్ర పెరగదు' అని తరగతి అంతయు వినునట్లు ప్రకటించిరి. ఆ సాయంకాలము వారి వీధిమీదుగా పోవుచుండగా మాస్టారు అరుగుమీద లాంతరు పెట్టుకొని ఆ చందమామనే చదువుచుండుట కంటబడినది. మేము తప్పుకొని పోవబోతిమి. ఆయన పిలిచి, పత్రికను చేతికిచ్చి, 'ఆ బేతాళుడి ప్రశ్నకి నువ్వయితే ఏటి సెప్తావు?' అని యడిగిరి. మేము చెప్పితిమి. ఆయన కాదనిరి. చీకటిపడువరకు వాదించుకొంటిమి. ఆ వాదనలో గెలిచినదెవరో జ్ఞాపకము లేదు. ఒక పుస్తకమును గూర్చి పెద్దవారు మమ్ము అభిప్రాయ మడుగుట అదియే మొదటిమారు. అంతకుముందు మేము పాఠము అప్పగించువారము, ఆనాడు చదువరులమైతిమి.

మాస్టారి గద్దింపులో ఆయన తప్పు కొంచెమే. అది ఆ కాలపు గాలి. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వెర్థాం అను మానసిక వైద్యుడు బొమ్మల కథల పుస్తకములు పిల్లలను నేరములకు పురికొల్పుచున్నవని ఒక గ్రంథము ప్రకటించెను. ఆ దేశపు సెనేటు ఉపసంఘము విచారణ జరిపినది. ప్రకాశకులు భయపడి ఆ సంవత్సరమే తమకు తాము ఒక నియమావళి విధించుకొనిరి. బ్రిటనులో 1955లో చట్టము వచ్చినది. మన పార్లమెంటు 1956లో యువజనులకు హానికరములగు ప్రచురణలను గూర్చి చట్టము చేసినది. ఇరువది యేండ్లు నిండని వారిని చెడగొట్టునట్లు నేరములను, హింసను, జుగుప్సను ప్రధానముగా చిత్రించు కథలను అమ్మినను పంచినను ఆరు నెలలవరకు కారాగారశిక్ష విధింపవచ్చునని అందు కలదు.

ఈ చట్టములో ఒక విశేషమును చదువరులు గమనింపవలెను. బొమ్మల సహాయముతో చెప్పిన కథలు గాని, బొమ్మల సహాయము లేకుండ చెప్పిన కథలు గాని, పూర్తిగా బొమ్మలలోనే చెప్పిన కథలు గాని అని ఆ నిర్వచనము మూడింటిని ఒకే వరుసను నిలిపినది. అనగా మన శాసనకర్తలు బొమ్మను దోషిగా నిలుపలేదు. కథలో క్రౌర్యమున్నచో అక్షరములలో నున్నను అది క్రౌర్యమే. మంచి యున్నచో బొమ్మలో నున్నను అది మంచియే. మన యింటి అరుగులమీద మనము చెప్పు తీర్పులకంటె ఆ చట్టము చేసిన విభజన సూక్ష్మమైనది. వెర్థాం తన సాక్ష్యములను కొన్నిచోట్ల మార్చి చూపెనని తరువాతి పరిశోధకులు ఆయన కాగితములనుండియే వెల్లడించిరి. ఆ భయము చల్లారినది. కాని దాని నీడ మన బడులలో చాలకాలము నిలిచినది.

1967లో బొంబాయినుండి అనంత పాయ్ గారి సంపాదకత్వమున అమర చిత్రకథలు ప్రారంభమైనవి. పురాణములు, రాజుల చరిత్రలు, మహాపురుషుల జీవితములు చవుకవెలకు బొమ్మలలో వచ్చినవి, తెలుగులోను వచ్చినవి. ఇప్పుడు పెద్దల స్వరము మారినది. బొమ్మల కథ పురాణము నేర్పుచున్నది గనుక మంచిదే యనిరి. రైలు ప్రయాణమున పిల్లలకు కొనియిచ్చిరి. తండ్రులే ముందు చదివిరి.

చదువరుల నుండి నిజమైన విమర్శ పుట్టినదియు ఈ దశలోనే. అది 'బొమ్మ లేల?' అను ప్రశ్న కాదు; 'ఈ బొమ్మ ఏమి చెప్పుచున్నది?' అను ప్రశ్న. నాయకులందరు తెల్లనివారు, రాక్షసులందరు నల్లనివారు ఏల? అడవిలో నుండువానికి కోరలును కొమ్ములును ఏల? స్త్రీలు ఏడ్చుటకును ఎదురుచూచుటకును మాత్రమే ఉన్నారా? ఈ ప్రశ్నలను పండితులు వ్రాసిరి, తల్లిదండ్రులు అడిగిరి, పెరిగి పెద్దవారైన ఆనాటి పిల్లలే అడిగిరి. సీతంపేట కొండలలోని సవరబాలిక యొకతె అట్టి పుస్తకము విప్పినదనుకొనుడు. రామునికి ఎంగిలిపండ్లు పెట్టిన శబరి తన జాతిదని పెద్దలు చెప్పగా విన్నది. బొమ్మలలో మాత్రము తన మేనిచాయ గలవారందరు బాణములకు కూలుచున్నారు. ఆ బాలిక ఏమి చదువుకొనును? అక్షరమైనచో ఆ నలుపును ఆమె తన మనస్సులో మరియొక రీతిగా ఊహించుకొనగలదు. బొమ్మ ఆ వెసులుబాటు నీయదు. బొమ్మ బలము అది. బొమ్మ చేయగల కీడును అదియే. ఈ విమర్శ చేసినవారు బొమ్మల కథకు శత్రువులు కారు. బొమ్మను చదువవచ్చునని నమ్మినవారే అందులో తప్పు పట్టగలరు. సవర యింట పితృదేవత చేసినదియు ఇదియే గదా!

ఈ విమర్శకు జవాబుగా బొమ్మల కథ తన్ను తాను మార్చుకొన్నది. 1978లో అమెరికాలో విల్ ఐస్నర్ పెద్దలకై వ్రాసిన పుస్తకము 'గ్రాఫిక్ నవల' అను మాటను ప్రచారమునకు తెచ్చినది. యూదుల మారణకాండను ఎలుకలు, పిల్లుల రూపమున చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ రచన 'మౌస్'కు 1992లో ప్రత్యేక పులిట్జర్ పురస్కారము లభించినది. మన దేశమున 1994లో ఓరిజిత్ సేన్ నర్మదానది ఆనకట్ట మూలమున కొంపలు కోల్పోవు గిరిజనుల కథను బొమ్మలలో వెలువరించిరి. 2011లో వచ్చిన 'భీమాయన' అంబేద్కరు జీవితమును చెప్పును. దానికి బొమ్మలు వ్రాసిన దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం దంపతులు మధ్యప్రదేశమునకు చెందిన గోండు చిత్రకారులు. వారు కథను పెట్టెలలో బంధింప నిరాకరించిరి. తమ యిండ్ల గోడలమీది ముగ్గుల తీరునే పుటలకు విభజనముగా వాడిరి. మృదువైన మాటకు పక్షి ఆకారమును, విషపు మాటకు తేలుకొండి ఆకారమును ఇచ్చిరి. గోడమీది బొమ్మ మరల పుస్తకములోనికి నడచివచ్చినది. ఈసారి అడవివాడు కూలుటకు రాలేదు. కథ చెప్పుటకు వచ్చెను.

ఇన్ని మాటల తరువాత పెద్దల ఆక్షేపణలకు మా సమాధానము చెప్పవలసియున్నది. బొమ్మ ఊహను చంపునందురు. ఒక బొమ్మకును దాని తరువాతి బొమ్మకును నడుమ కొంత తెల్లని ఖాళీ యుండును. మొదటి బొమ్మలో చేయి యెత్తినవాడు రెండవ బొమ్మలో నేలమీద పడియున్నచో నడుమ జరిగినది ఎవరు వ్రాసిరి? చదువరియే. ఆ ఖాళీని నింపలేనివానికి కథ తెలియదు. బొమ్మలకు అలవడినవాడు అక్షరము విడుచునందురు. చందమామ చదివి పెరిగిన తరము ఏమి చదివినదో తెలిసికొనవలెనన్నచో తెలుగు పత్రికల చందాదారులను, గ్రంథాలయముల పాఠకులను అడిగిన చాలును. ఇందులో ఉత్తమ సాహిత్యము లేదందురు. చెడ్డ బొమ్మల కథలు కొల్లలుగా ఉన్నవి, ఒప్పుకొందుము. చెడ్డ పద్యములకును కొదువ లేదు. అందుకై ఎవ్వరు పద్యమును బహిష్కరింపలేదు.

ఒక ఆక్షేపణను మాత్రము మేము త్రోసివేయలేము. బొమ్మల కథను పిల్లలు అతివేగముగా చదివి ప్రక్కన పెట్టుదురనియు, నిలిచి చూడరనియు కొందరు పాఠకుల ఫిర్యాదు. అది నిజము. దానికి మందు పుస్తకమును లాగికొనుట కాదు. ప్రక్కన కూర్చుండి ప్రశ్న అడుగుట. చేర్యాల పటము విప్పు కథకుడు చేసినది అదియే. అరుగుమీద మా మాస్టారు చేసినదియు అదియే.

మరియొక కర్తవ్యమును కలదు. తెలుగు కథలు చెదరిపోకుండ కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున కథానిలయము స్థాపించిరి. 2021లో ఆయన మరణించినను ఆ నిలయము ఆయన కృషికి సాక్షియై నిలిచియున్నది. బొమ్మల కథలకును అంతటి ఆదరము కావలెను. చందమామ 1998లో ఒకమారు ఆగి, మరల వెలువడి, తుదకు నిలిచిపోయినది. అటకలమీది పాత సంచికలు చెదలపాలగుచున్నవి. సవరల గోడబొమ్మ మరల అలుకు వేసిన నాడు పోవునదే. అది దాని స్వభావము. కాగితమునకు ఆ గతి పట్టనక్కరలేదు. మీ యింట అట్టి పుస్తకము లున్నచో పారవేయకుడు, అమ్మకుడు.

వసారాలోని పిల్లవాడు ఇంకను చదువుచునే యున్నాడు. వానిని గద్దించుటకు ముందు ఒక్క నిమిషము వాని ప్రక్కన కూర్చుండుడు. 'ఈ బొమ్మలో ఏటి తప్పుంది? ఏటి నేదు?' అని యడుగుడు. వాడు చెప్పును. సవర యింట చనిపోయిన పెద్దకు దక్కిన ఆ గౌరవము మన యింట బ్రతికియున్న పిల్లలకు దక్కకుండుట న్యాయము కాదు.